బాతులున్నాయి, కుక్కను వదలకండి: నాలుగు సీజన్ల ఓరియంటీరింగ్ తర్వాత నా సమీక్ష

చేతిలో మ్యాపు, బొటనవేలికి దిక్సూచి పెట్టుకుని దారి వెతుక్కుంటూ పరిగెత్తే ఆట ఓరియంటీరింగ్. అలాంటి ఆటగాళ్లు పాతికమంది పార్కింగ్ ఎక్కడుందో తెలియక కాలువ గట్టు మీద నిలబడి ఫోన్లు చేసుకుంటుంటే ఎలా ఉంటుందో మా మొదటి పోటీ పొద్దున్నే చూశాను. ఫోన్‌లో పెట్టిన గుర్తు ఈ గట్టు మీద ఉంది. షామియానా ఆ గట్టు మీద కనిపిస్తోంది. మధ్యలో నిండుగా పారుతున్న కాలువ. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వెళ్తున్న పెద్దాయన్ని అడిగితే, "లాకుల కాడికెళ్లి తిరిగి రావాలండి, ఆయ్" అని నవ్వుకుంటూ పోయాడు. లాకులంటే కాలువకు అడ్డంగా కట్టిన గేట్లు, అవతలికి దాటే దారి అక్కడే. వెళ్లిరావడానికి ముప్పావుగంట పట్టింది. ఈ ఆటలో ఒక్కొక్కరికి ఒక్కో స్టార్ట్ టైము ఇస్తారు, మా ఆయనది అప్పటికే దాటిపోయింది.

అది నాలుగు సీజన్ల కిందటి మాట. అప్పటి నుంచి నవంబరు మొదలుకొని ఫిబ్రవరి దాకా, రాజమండ్రి నుంచి కోనసీమకూ, నరసాపురం వైపుకూ కలిపి 17 పోటీలకు వెళ్లాం. నేను, మా ఆయన, మా ల్యాబ్రడార్ రంగడు. పోటీలు పెట్టేది ఓ చిన్న క్లబ్బు. పేరు రాయను. నేను చెప్పబోయే తప్పుల్లో చాలావాటిని వాళ్లే సర్దుకున్నారు, మిగిలినవి రేపోమాపో సర్దుకుంటారు. కోర్సులు, అంటే పోటీలో పరుగెత్తాల్సిన దారులు, ఎలా ఉంటాయో ఇక్కడ రాయడం లేదు, వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కారుతో, కుక్కతో అక్కడికి చేరి క్షేమంగా తిరిగిరావడం గురించే ఇదంతా.

ముందు దారి సంగతి. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది, కింద వైనతేయ మళ్లీ విడిపోతుంది. వాటి మధ్య కాలువలు, చేలకు నీళ్లు పారే బోదెలు, మురుగు కాలువలు. మా మ్యాపుల్లో ఎత్తుపల్లాలు చూపే గోధుమరంగు గీతలు దాదాపు కనబడవు, ఎక్కడ చూసినా నీలమే. ఇక్కడ ఎదురుగా కనిపించే ఊరంటే దగ్గరున్న ఊరని కాదు. అందుకే పోటీ వివరాల్లో అన్నిటికంటే ముందు రాయాల్సింది ఊరి పేరు కాదు, ఏ గట్టు అన్నది. రెండో సీజన్ నుంచి "తూర్పు గట్టు, లాకులు దాటాక రెండో తూము దగ్గర ఎడమకి" అని రాస్తున్నారు. మలుపు దగ్గర నారింజ, తెలుపు రంగుల కంట్రోల్ జెండా ఒకటి కడుతున్నారు. కంట్రోల్ అంటే పరుగులో మ్యాపు చూసి వెతికి చేరాల్సిన చోటు. దాన్ని ఊరి పిల్లలు ఒకసారి క్రికెట్ వికెట్టుకి కట్టుకున్నారు, అది వేరే సంగతి.

సఖినేటిపల్లి నుంచి నరసాపురం వైపు దాటాల్సి వచ్చినప్పుడు రెండుసార్లు పంటు (కార్లను కూడా ఎక్కించుకుని నది దాటించే పడవ) ఎక్కాం. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగడం కంటే పంటే నయం. ఒక్కటే చిక్కు, ఆరోజు అది నడుస్తుందో లేదో ముందురోజే రేవులో ఎవరినైనా అడిగి తెలుసుకోవాలి. కుక్క ఉన్నవాళ్లకు ఇంకో మాట: పంటు కదిలే ముందే కుక్కని కారులోంచి దింపి గొలుసు పొట్టిగా పట్టుకోండి. ఇంజను మోగగానే రంగడు సీటు కింద దూరి, వెనక సీటు గుడ్డంతా చింపేశాడు. రెండోసారి నా కాళ్ల దగ్గర నిలబెట్టుకుంటే, గాలి ముఖానికి కొడుతుంటే ఒడ్డు వచ్చేదాకా కదల్లేదు.

పార్కింగ్ మొదట్లో కల్లంలో పెట్టేవారు. కోతలయ్యాక ఖాళీగా ఉంటుంది కదా అని. రాత్రి మంచుకి పైన తడిసిన రేగడి పొద్దున చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. కారు చక్రం ఎక్కితే మాత్రం వెన్నలా దిగిపోతుంది. మాకు ముందు వచ్చిన నాలుగు కార్లు అలాగే దిగబడ్డాయి. ట్రాక్టరుతో లాగించుకోవడానికి కారుకి ఐదొందలు. ఆ ట్రాక్టరాయన ఆరోజు వరి అమ్మినా అంత రాదని మావాళ్లలో ఒకరన్నారు. ఆయన మాత్రం లాగిన ప్రతిసారీ "పాపం, మీకేం తెలుసండి" అనేవాడు, డబ్బులు లెక్కపెడుతూనే. ఇప్పుడు రోడ్డు పక్క కొబ్బరితోటలోనే పార్కింగ్. కారుకి వంద, అది తోట యజమానికే పోతుంది. మనస్ఫూర్తిగా ఇస్తున్నాం.

తోట నుంచి స్టార్ట్ దాకా పుంత, అంటే చేల మధ్య బండిదారి. ఒక్క బండి పట్టేంత వెడల్పు. అక్కడ సొంత కారు తీసుకెళ్లొద్దు. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే వెనక్కి వెళ్లాల్సింది మనమే, అటు బోదె, ఇటు చేను. అందుకే ఇద్దరు ఆటోవాళ్లను పెట్టారు, మనిషికి ఇరవై రూపాయలు. ఇది బాగా కుదిరిన ఏర్పాటు. పార్కింగ్ నుంచి స్టార్ట్ ఎంత దూరమో ముందే రాస్తారు కాబట్టి, కిలోమీటరులోపు అయితే చాలామంది ఒళ్లు వేడెక్కుతుందని నడిచే పోతారు. వచ్చేటప్పుడు మాత్రం మోకాళ్లదాకా ఒండ్రు పట్టిన కాళ్లతో ఆటో ఎక్కబోతే డ్రైవరు మొహం చూడాలి. మూడో సీజన్‌లో ఎవరో తెలివిగా సీట్ల మీద యూరియా సంచులు పరిచారు. అప్పటి నుంచి గొడవ లేదు.

సంక్రాంతి వారంలో పోటీ పెట్టరు, పెట్టకూడదు కూడా. ఆ మూడురోజులూ కోడిపందాల బరుల దగ్గర వందల కార్లు ఎంత పద్ధతిగా నిలబెడతారో చూస్తే మనవాళ్లు సిగ్గుపడాలి.

ఇక కుక్కలు. మొదటి సీజన్ వివరాల్లో ఒక్క లైను ఉండేది: "కుక్కలు పార్కింగ్‌లో మాత్రమే, గొలుసుతో." స్వీడన్‌లో పుట్టి, ఎర్న్‌స్ట్ కిలాండర్ అనే సైనికాధికారి 1919లో స్టాక్‌హోం దగ్గర పెట్టిన పోటీతో ఊపందుకున్న ఆట ఇది. ఆ లైను కూడా అక్కడి చలిలోంచే వచ్చినట్టుంది. కారు అద్దం కాస్త దించి కుక్కను వదిలి పరుగెత్తడం మన దగ్గర కుదరదు. బయట 24 డిగ్రీలే ఉన్నా మూసిన కారు లోపల పది నిమిషాల్లో 34 దాకా, అరగంటలో 43 దాకా ఎక్కుతుంది. అద్దాలు కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దానికున్న దారి. డిసెంబరు పొద్దున తొమ్మిదికి కోనసీమ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

కాబట్టి ఒకరు పరుగెత్తుతుంటే ఒకరు కుక్క దగ్గర ఉండాలి. చంటిపిల్లలున్నవాళ్ల కోసం చాలాచోట్ల ఇద్దరికీ వేర్వేరు సమయాల్లో స్టార్ట్ ఇస్తారు. మాకూ ఇవ్వమని అడిగాం. ఇచ్చారు, ఇరవై నిమిషాల తేడాతో! మా ఆయన అప్పటికి నాలుగో కంట్రోల్ దగ్గర తాటిదుంగ వంతెన వెతుక్కుంటున్నాడు. నేను స్టార్ట్ దగ్గర రంగణ్ణి పట్టుకుని నిలబడ్డాను, నా పేరు పిలిచారు, వెళ్లలేదు. ఎవరికైనా అప్పగించి వెళ్లమన్నారు. ముప్పై కేజీల కుక్కని ఎవరికి అప్పగిస్తాను? ఇంటికొచ్చేదాకా మాట్లాడుకోలేదు, నేనూ మా ఆయనా. ఆయన తప్పేం లేదని నాకూ తెలుసు. ఇప్పుడు ఫారంలోనే "కుక్క ఉంది, రెండు గంటల తేడా కావాలి" అని రాస్తే అలాగే ఇస్తున్నారు. మీరు నెమ్మదిగా పరుగెత్తేవారైతే సిగ్గుపడకుండా రెండున్నర అడగండి.

రెండో సీజన్‌లో కుక్కలకంటూ తోటలో ఒక మూల తాడు కట్టి చోటిచ్చారు. నీడ, గాలి, పక్కనే గడ్డిమేటు. బాగుందనుకున్నాం. రంగణ్ణి ఓ చెట్టు మొదట్లో కట్టి, స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, నేను రెండడుగులు వేశానో లేదో వెనక ఠంగుమని చప్పుడు. ఎండుకాయ ఒకటి నేరుగా గిన్నె మీద పడింది. గిన్నె అప్పచ్చిలా అణిగిపోయింది. జానెడు దూరంలో రంగడు, నీళ్లు కారుతున్న మూతితో నా వైపే చూస్తున్నాడు. ఆ గిన్నె ఇంకా మా కారు డిక్కీలోనే ఉంది, కొత్తగా కుక్కను తెచ్చేవాళ్లకి చూపిస్తాను. కొబ్బరిచెట్టు నీడ నీడ కాదు, ఎండతోపాటు గంటకోచోటికి జరుగుతుంది. దింపు, అంటే కాయలు దించడం, అయిన తోట అయితేనే కింద కట్టండి, లేదా ఏ మామిడిచెట్టో నిద్రగన్నేరో చూసుకోండి. ఇప్పుడు నిర్వాహకులు తోట యజమానిని దింపు ఎప్పుడని అడిగి మరీ తేదీ పెడుతున్నారు.

అసలు పాఠం నేర్పింది బాతులు. సార్వా (తొలి పంట) కోతలయ్యాక, దాళ్వా (రెండో పంట) ఊడ్పులు మొదలయ్యేలోపు బాతుల మందలు చేలల్లోకి దిగుతాయి, రాలిన గింజలూ నత్తలూ తినడానికి. మూడో సీజన్ డిసెంబరులో రంగడి మెడపట్టా కొక్కెం ఊడిపోయింది. నేను చూసేసరికి గట్టు దిగి చేలో ఉన్నాడు. వాడి ముందు నాలుగైదొందల బాతులు ఒకే దుప్పటిలా ముడుచుకుని, విప్పుకుని, అరుచుకుంటూ బోదెలోకి దూకాయి. మందకాపరి కర్ర ఎత్తలేదు, తిట్టలేదు. గట్టు మీద చతికిలబడి తల పట్టుకున్నాడు. "గుడ్లు పెట్టే బాతులమ్మా ఇవి. బెదిరితే రెండ్రోజులు పెట్టవు" అన్నాడు. రంగడు ఒక్కదాన్నీ ముట్టుకోలేదు, నీళ్లలో పడుకుని సంతోషంగా ఈదుతున్నాడు. చెదిరిన బాతుల్ని మళ్లీ మందలో కలపడానికి గంటన్నర పట్టింది, మా ఆయన కూడా దిగాడు. అడిగినంత డబ్బిచ్చాం. అడిగింది తక్కువే. అప్పటి నుంచి మేం ఛాతీకి వేసే పట్టీ వాడుతున్నాం, దానికి రెండు కొక్కేలు, రెండు తాళ్లు.

పోటీకి వచ్చిన కుక్కల గురించి ఇన్ని నియమాలు పెట్టారు కానీ, ఊళ్లో ఉన్న కుక్కల్ని చాన్నాళ్లు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇక్కడ ప్రతి పశువుల మకాం దగ్గరా ఒకటో రెండో ఉంటాయి. పరిగెత్తేవాడు కనిపిస్తే వాటికి ఒకటే అర్థం. రెండో సీజన్‌లో ఓ కుర్రాణ్ణి పిక్క మీద కరిచింది. ప్రథమ చికిత్స పెట్టెలో సబ్బు లేదు! ఇది మాత్రం నేను క్షమించలేను. కుక్క కరిస్తే అన్నిటికంటే ముందు సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. ఎవరింటి నుంచో బట్టల సబ్బు తెచ్చి బోరు కింద కడిగాం. తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించారు, షెడ్యూలు ప్రకారం అన్ని డోసులూ వేయించుకున్నాడు. ఇప్పుడు పెట్టెలో సబ్బుంటుంది, నేను ప్రతిసారీ మూత తీసి చూస్తాను. కోర్సు వేసేటప్పుడు మకాముల చుట్టూ మ్యాపు మీద ఊదారంగు గీతలు కొట్టి, అటు వెళ్లొద్దని గుర్తు పెడుతున్నారు. కుక్క ఎదురైతే ఆగి, నడిచి, దాని కళ్లలోకి చూడకుండా పక్కగా వెళ్లమని స్టార్ట్ దగ్గర చెబుతున్నారు. సమయం పోతుందని బాధపడేవాళ్లు ఆ కుర్రాడి పిక్క చూడాలి.

ఇంకా కుదరనివి కొన్ని ఉన్నాయి. ఆటోల్లో కుక్కల్ని ఎక్కించరు. అందుకని కుక్కలున్న కార్లకు స్టార్ట్ దగ్గరే చోటిచ్చే పాస్ పెట్టారు. ఇప్పుడు మిగతావాళ్ల సణుగుడు మొదలైంది. పాస్ కోసమే పక్కింటి కుక్కను అరువు తెచ్చుకున్న ఒకాయన ఉన్నాడు. అది దారంతా ఆయన మీదే వాంతి చేసుకుంది. కుక్కలకి నీళ్లు ఇప్పటికీ మనమే మోసుకెళ్లాలి. రొయ్యల చెరువుల పక్కన పోటీ అయితే ఆ నీళ్లు అస్సలు తాగనివ్వకండి, ఉప్పు, మందులు రెండూ ఉంటాయి. ఇంటికొచ్చాక చెవుల వెనకా వేళ్ల సందుల్లోనూ గోమార్లు (రక్తం తాగే పురుగులు) వెతకండి. మేం ఒక్కసారి బద్ధకించినందుకు రంగడికి వాటివల్ల వచ్చే టిక్ ఫీవర్ వచ్చి నెలరోజులు మందులు వాడాం.

హైదరాబాద్ నుంచి కుక్కతో రైల్లో వద్దామనుకునేవాళ్లకు ఒక ముక్క: ఏసీ ఫస్ట్ క్లాసులో కూపేగానీ క్యాబిన్‌గానీ (తలుపేసుకునే గది) మొత్తం దొరికితేనే కుక్క మనతో ఉంటుంది. లేదంటే గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో, కుక్కల పెట్టెలో రావాలి. మిగతా బోగీల్లో ఒప్పుకోరు. ఒక్కపూట పరుగు కోసం దానికంత శిక్ష నేనైతే వేయను.

వచ్చే పోటీ వివరాలు మొన్న వచ్చాయి. కుక్కల గురించి ఇప్పుడు ఆరు లైన్లు. టీకా పుస్తకం తేవాలి, గొలుసు మీటరున్నర దాటకూడదు, దింపు గురువారం అయిపోయింది. చివరి లైను మా ఆయన గట్టిగా చదివి వినిపించాడు: "దక్షిణం వైపు చేలల్లో బాతులున్నాయి." ఆయన స్టార్ట్ ఏడున్నరకి, నాది తొమ్మిదిన్నరకి.