విశాఖలో కాలినడక యాత్ర: గైడుకు దేనికి డబ్బివ్వాలి, దేనికి అక్కరలేదు

విశాఖపట్నం సాగరతీరాన్ని, కొండదారులను, ఉద్యానవనాలను ఒక వారాంతంలో నడిపించి చూపిస్తామని ప్రకటించుకునే ఓ చిన్న స్థానిక బృందం సేవను ఈ చలికాలంలో మా భద్రకాళి బండ్ మార్నింగ్ వాక్ మిత్రులతో కలిసి ఉపయోగించుకున్నాను. వరంగల్, హనుమకొండ, కాజీపేటల నుంచి ఇదే ఆలోచనలో ఉన్నవారికి నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. బీచ్ రోడ్డు నడకకు ఎవరికీ రూపాయి ఇవ్వనక్కరలేదు. కంబాలకొండ అడవి, తొట్లకొండ బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం దారి తెలిసిన మనిషి వెంట ఉండటం పెట్టిన ఖర్చుకు తగినదే. తలా ఒక్కరికి వారు తీసుకున్న రుసుము, హనుమకొండ నుంచి రామప్పకు కారు మాట్లాడుకుంటే అయ్యే కిరాయి కన్నా తక్కువే.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. సాయంత్రం వరంగల్ స్టేషన్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఇంటి నుంచి కట్టించుకున్న సర్వపిండి తిని పడుకుంటే తెల్లవారేసరికి విశాఖలో ఉంటాము. గదికి వెళ్లి నడుం వాల్చాలన్న ఆలోచన మానుకొని స్టేషన్ నుంచి నేరుగా సముద్రం ఒడ్డుకు వెళ్లినవారికే అక్కడి ఉదయం దక్కుతుంది.

రామకృష్ణా బీచ్ దగ్గర తెల్లవారుజామున కొంతసేపు వాహనాలను ఆపి రోడ్డును నడిచేవారికి వదిలేస్తారు. కాళీమాత గుడి నుంచి తెన్నేటి పార్కు వరకు సుమారు ఐదు కిలోమీటర్లు సముద్రాన్ని కుడివైపు ఉంచుకొని నడిస్తే చాలు, దారి తప్పే ప్రసక్తే లేదు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన కుర్సురా జలాంతర్గామి, దానికి ఎదురుగా టీయూ-142 నిఘా విమానం, 1971 యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం, అన్నీ ఈ దారిలోనే వరుసగా కనిపిస్తాయి. అయితే జలాంతర్గామి లోపలికి వెళ్లి చూడాలనుకునేవారు ఆ వేళకు తలుపులు తెరవరని, సోమవారం సెలవని గుర్తుంచుకోవాలి. మా గైడు ఈ దారిలో చెప్పిన విషయాల్లో చాలావరకు అక్కడి బోర్డుల మీద రాసి ఉన్నవే. అతను చెప్పిన పనికొచ్చే మాట ఒక్కటే, నీళ్లలోకి దిగవద్దన్నది. మడమల దాకా వచ్చిన అల వెనక్కు పోతున్నప్పుడు పాదాల కింది ఇసుకను తోడుకుపోవడం, నిలబడిన చోటే మనిషి వెనక్కు ఒరగడం ఒక్కసారి అనుభవిస్తే, చెరువుల్లో ఈత నేర్చుకున్న మనవాళ్లకు ఈ తీరంలో ప్రాణాలు ఎందుకు పోతున్నాయో అర్థమవుతుంది.

కైలాసగిరి మీద నలభై అడుగుల శివపార్వతుల విగ్రహాలు, రోప్‌వే, పిల్లల సందడి ఉంటాయి. మెట్లదారిన ఎక్కడం మంచి వ్యాయామమే గాని, పద్మాక్షి గుట్ట రోజూ ఎక్కేవారికి అది లెక్కలోనిది కాదు. బీచ్ రోడ్డు పక్కనున్న నగరాభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) పార్కులో నీడ బాగుంది. అంతకు మించి ఆగవలసిన పని లేదు.

ఈ సేవ తన విలువ చూపించుకున్నది కంబాలకొండలో. జాతీయ రహదారిని ఆనుకొని సుమారు 70 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న ఈ అడవిని 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. చిరుతలు తిరిగే చోటు కాబట్టి లోపలి దారుల్లో ఒంటరిగా తిరగడం ఎలాగూ తగదు. గైడు అవసరానికి మరో కారణం కూడా ఉంది, అది కాలి కింది రాయి. మన గుట్టలు గ్రానైటువి. పద్మాక్షి గుట్టయినా, గోవిందరాజుల గుట్టయినా బండ మీద చెప్పు పట్టు నిలుస్తుంది. విశాఖ చుట్టూ ఉన్న తూర్పు కనుమల కొండలు ఖోండలైటువి. ఆ రాయి ఎండకూ వానకూ ఎర్రగా మెత్తబడి పొరలు పొరలుగా రాలుతుంది, దారి నిండా గులకలాగా పరుచుకుంటుంది. ఎక్కేటప్పుడు తెలియదు గాని దిగేటప్పుడు కాలు జర్రున జారుతుంది. మాలో అందరికంటే పెద్దాయన రెండడుగులు జారగానే గైడు కుర్రవాడు చేతికర్ర అందించి, “పాదం నేరుగా వద్దు సార్, అడ్డంగా వేసి దిగండి” అన్నాడు. “గట్లనేనా బిడ్డా” అంటూ ఆయన మిగిలిన దిగుడంతా అలాగే దిగారు, మళ్లీ జారలేదు. 2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను నగరం చుట్టుపక్కల పచ్చదనాన్ని ఎంతగా దెబ్బతీసిందో, ఆ తర్వాత అడవి తనంతట తాను ఎలా కోలుకుంటున్నదో అతను చెట్లు చూపిస్తూ చెప్పిన తీరు ఏ బోర్డు మీదా దొరకదు.

తొట్లకొండకు నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేస్తాను. సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తున, బంగాళాఖాతానికి ఎదురుగా ఉన్న ఈ బౌద్ధారామం 1970లలో నౌకాదళం సర్వే చేస్తున్నప్పుడు బయటపడింది, ఆ తర్వాత 1988 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. మహాస్తూపం, చైత్యగృహాలు (ప్రార్థనా మందిరాలు), భిక్షువుల గదులు, భోజనశాల పునాదులు ఇప్పుడు చాలావరకు మోకాటి ఎత్తున మాత్రమే మిగిలాయి కాబట్టి, చెప్పేవారు లేకపోతే ఇవన్నీ రాతి వరుసల్లాగే కనిపిస్తాయి. మా గైడు ముందుగా స్తూపం దగ్గరకు తీసుకుపోకుండా, కొండరాతిలో తొలిచిన నీటి తొట్ల దగ్గర నిలబెట్టి, ఇంత ఎత్తున, ఇంత మందికి తాగునీరు ఎక్కడిదని మమ్మల్నే అడిగాడు. కొండ మీద కురిసిన వాననీరు ఎటు పారి ఆ తొట్లలో చేరేదో వాలు చూపించి వివరించాక, అక్కడి నుంచి వంటకు, భోజనశాలకు, గదులకు నడిపించాడు. మొత్తం ఆరామం నీటి చుట్టూ అల్లుకున్నట్టు కళ్లకు కట్టింది. పాకాల, రామప్ప చెరువుల కింద పండిన బియ్యం తినేవారికి ఈ వరుస వెంటనే తలకెక్కుతుంది. ఇక్కడ శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. శాతవాహన నాణేలకు పేరుపడిన మన కోటిలింగాల గురించి, ధూళికట్ట స్తూపం గురించి మేము చెప్పగా అతను శ్రద్ధగా రాసుకున్నాడు. తెలియనిదాన్ని తెలిసినట్టు నటించకపోవడం గైడుల్లో అరుదు కనుక దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను. కొండపైన నీడ లేదు, పది దాటితే రాళ్లు కాలుతాయి.

కొండ దిగి మంగమారిపేట తీరాన అలలు తొలిచిన సహజ శిలాతోరణాన్ని చూపించారు. అల తగ్గిన వేళ ఎంచుకొని తీసుకెళ్లడం వారి అనుభవాన్ని తెలుపుతుంది. శుభ్రమైన, సురక్షితమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండ బీచ్ శుభ్రంగా ఉంది, జనమూ ఉన్నారు. నడిచేవారికి అక్కడ అంతగా పని లేదు.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. వేల ఏళ్లుగా గాలి తెచ్చి పోసిన ఇసుక మీద ఇనుము ఆక్సైడు పూతపడి ఎర్రబారింది, దాన్ని వాననీరు లోతైన వాగుల్లాగా కోసింది. నేల మీద రాలిన మట్టిని గైడు అరచేతిలో నలిపి చూపించాడు. చూపుకు గడ్డకట్టిన మట్టిలా ఉన్నది వేళ్ల సందుల్లోంచి సన్నని ఇసుకై జారిపోయింది, చేతికి ఇటుక రంగు మాత్రం మిగిలింది. ఇంత వదులైన గోడల మీదికి ఫొటోల కోసం ఎక్కుతున్న వేరే కుర్రాళ్లను అతను మర్యాదగా దించాడు. దిబ్బల లోపల పాయలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి కొత్తవారు సొంతంగా వెళ్లి బయటపడటానికి తిప్పలు పడతారు.

లోపాలు లేకపోలేదు. ప్రకటనలో ‘పూర్తిగా కాలినడకన’ అని ఉంటుంది గాని, కంబాలకొండ నుంచి తొట్లకొండకు, అక్కడి నుంచి దిబ్బలకు బండి మీదే తీసుకెళ్తారు. ఆ దూరాలకు అది సహజమే అయినా ముందే చెప్పి ఉండవలసింది. అడవి ప్రవేశ టికెట్టు రుసుములో కలిసి లేదన్న సంగతి గేటు దగ్గర తెలిసింది. అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది గుంపు. ఆదివారం కావడంతో వేరే రెండు కుటుంబాలను మాతో కలిపారు, పిల్లల కేకలకు పక్షి ఒక్కటీ దగ్గర వాలలేదు. తర్వాత ఈ మాట చెబితే నిర్వాహకులు వాదించకుండా విన్నారు. టికెట్టు డబ్బులు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

మన వైపు ఎండ పొడి ఎండ, అక్కడిది ఉక్కపోత. చలికాలంలో కూడా ఎనిమిదింటికే చొక్కా వీపుకు అతుక్కుంటుంది, చెమట ఆరదు, దాహం తెలియకుండానే నీరసం వస్తుంది. మంచినీళ్లతో పాటు ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర ఉంచుకోవాలి. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు కంబాలకొండ వదిలేసి మిగిలినవి చూడవచ్చు, తొట్లకొండ పైదాకా వాహనం వెళ్తుంది. చెప్పులు చాలవు, అడుగున గాట్లు ఉన్న బూట్లు కావాలి.

బుక్ చేసుకునే ముందు వీలైతే పనిదినాన్ని ఎంచుకొని, గుంపులో ఎందరుంటారు, టికెట్లు ఎవరి ఖర్చు అని రెండు ప్రశ్నలు ఫోన్లోనే అడిగి తేల్చుకోవాలి. బీచ్ రోడ్డు భాగాన్ని తీసేసి మిగిలినదానికే రుసుము చెప్పమంటే తగ్గిస్తారు, మా తర్వాత వెళ్లిన మిత్రులకు అలాగే తగ్గించారు. తిరుగు ప్రయాణపు గోదావరి సాయంత్రమే బయలుదేరుతుంది కాబట్టి, ఎర్రమట్టి దిబ్బలను చివరి రోజు ఉదయానికి పెట్టించుకొని మధ్యాహ్న భోజనానికల్లా నగరంలోకి వచ్చేయాలి.