తంజావూరు: గైడుకి 700, లాడ్జికి 1,800 దండగ

మా మామయ్య గారు తెనాలిలో ముప్పయ్యేళ్లు తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. ఆయనకి తంజావూరంటే పెద్దగుడి కట్టించిన రాజరాజ చోళుడు కాదు, తెలుగు కొలువు నడిపిన రఘునాథ నాయకుడు. "చేమకూర వెంకటకవి తిరిగిన ఊరు ఒక్కసారి చూపించు బాబూ" అని రెండేళ్లుగా అడుగుతున్నారు. మొన్న డిసెంబరు ఆఖర్లో చెన్నై ఎగ్మూరులో ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించాను. మా ఆవిడా వచ్చింది. రైల్లో చెప్పుకోవాల్సిందేమీ లేదు, ముగ్గురం హాయిగా నిద్రపోయాం.

మధ్యాహ్నం మూసే పెద్దగుడి, అంటే బృహదీశ్వరాలయం, సాయంత్రం నాలుగింటికి తెరవగానే వెళ్లాం. నేను చేసిన తప్పు గైడుని మాట్లాడటం. 700 అన్నాడు, తెలుగొచ్చన్నాడు, సరేనన్నాను. గుడికి ఉత్తరం వైపు చండికేశ్వరుడి దగ్గర నిలబెట్టి, "సార్, ఈ గోపురం నీడ నేల మీద పడదు సార్" అని మొదలుపెట్టాడు. మామయ్య గారు కిందకి చూశారు, పైకి చూశారు. "మరి ఇంతసేపూ మనం ఎవరి నీడలో నిలబడ్డాం నాయనా?" మా ఆవిడ ఫక్కున నవ్వింది. గైడు నవ్వలేదు. తర్వాత నంది దగ్గర, ఇది రోజురోజుకీ పెరిగిపోతుంటే వీపున మేకు కొట్టి ఆపారన్నాడు. అదీ సరే, కథ అనుకోవచ్చు. కానీ ఆ నంది, ఆ మండపం, అవతల రథంలా చెక్కిన సుబ్రహ్మణ్యస్వామి గుడి, అన్నీ నాయక రాజుల కాలంవని మామయ్య గారు చెబితే, "ఎల్లాం రాజరాజన్ సార్", అంతా రాజరాజుదేనని కొట్టిపారేశాడు. ఆ తర్వాత ఆయన ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. 700 పోయినందుకు కాదు, ఆ మాటకి.

చోళుల గొప్ప కాదనేవాళ్లం కాదు. 1010లో పూర్తయిన కట్టడం, గర్భగుడి మీద 216 అడుగుల విమాన గోపురం, మెడ నొప్పెట్టేదాకా చూశాం. గోడల అడుగున తమిళ శాసనాల్లో గుడిలో ఆడే 400 మంది నర్తకుల పేర్లూ, ఎవరికి ఏ వీధిలో ఏ ఇల్లు ఇచ్చారన్న లెక్కా ఉంటాయి. ఆ రాళ్ల ముందు అరగంట కూర్చోండి, గైడు అక్కర్లేదు. కానీ ఈ ఊరి కథ అక్కడితో ఆగిపోలేదు కదా. 1532 నుంచి 1673 దాకా ఇది నాయకుల రాజధాని, కొలువులో తెలుగే. రఘునాథుడు స్వయంగా తెలుగులో కావ్యాలు రాశాడు, చేమకూర వెంకటకవి విజయవిలాసం అంకితం తీసుకున్నాడు. 1620లో డేనిష్ వాళ్లకి తరంగంబాడిలో కోట కట్టుకోనిచ్చిందీ ఆయనే. కొడుకు విజయరాఘవుడి కొలువులో కవయిత్రి పసుపులేటి రంగాజమ్మ, ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిన క్షేత్రయ్య. చివరికి మధురై నాయకుడు చొక్కనాథుడి సైన్యం మీదికొస్తే యుద్ధంలోనే పోయాడు ముసలి రాజు. తర్వాత వచ్చిన మరాఠాలు కూడా తెలుగు వదల్లేదు. శాహజీ తెలుగులో యక్షగానాలు రాశాడు, కవయిత్రి ముద్దుపళని ప్రతాపసింహుడి కొలువులోదే.

ఇంత ఉండి, కోటకి వెళ్తే అందరూ చెప్పే పేరు మరాఠా ప్యాలెస్. మొదలుపెట్టి కట్టింది నాయకులు. కట్టినవాడొకడు, పేరొకడిది. లోపల దర్బారు హాలుకో టికెట్టు, కంచు విగ్రహాల గ్యాలరీకో టికెట్టు, చిల్లర దగ్గరుంచుకోండి. గ్యాలరీ మాత్రం వదలొద్దు. తిరువెంకాడు నుంచి తెచ్చిన వృషభవాహన శివుడున్నాడు, 1011 నాటివాడు. పక్కన నంది లేదు, ఆ చెయ్యి మాత్రం ఎద్దు మూపు మీద ఆనించినట్టే గాల్లో ఉంది. పాముల్ని తలపాగాలా చుట్టుకున్న ఆ జుట్టు చూసి మా ఆవిడ పది నిమిషాలు కదల్లేదు.

మామయ్య గారి అలక సరస్వతీ మహల్ మ్యూజియంలో తీరింది. చిన్న హాలు. మనిషి మొహం పక్కన అలాంటి జంతువు మొహం గీసిన ఫ్రెంచి బొమ్మల దగ్గర జనం మూగారు. ఈయన ఒక అద్దాల పెట్టె మీదికి వంగి, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని, తాటాకు మీద గుండ్రటి అక్షరాల్ని కూడబలుక్కుంటూ చదువుతున్నారు. ఆవగింజంత అక్షరాలు, మసి పూసిన గీతలు. "మనదే" అన్నారు. ఫొటో తియ్యనివ్వలేదు, తియ్యాలనీ అనిపించలేదు.

ఇక లాడ్జి. పాత బస్టాండు దగ్గర, రోజుకి 1,800 చొప్పున రెండు గదులు. పొద్దున ఆరింటికి దిగినప్పుడు "24 గంటల లెక్కే సార్" అన్నారు. ఆన్‌లైన్ ఫొటోలో కిటికీలోంచి గుడి కనపడింది, గదిలో పక్కింటి గోడా దాని మీద ఆరేసిన లుంగీలూ కనపడ్డాయి. వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది. లిఫ్టు రిపేరు, డెబ్బై ఒక్కేళ్లాయన రెండో అంతస్తుకి ఎక్కాలి. ఆదివారం తెల్లవారుజామునే తాళాలిస్తే 7,200 కావాల్సింది 9,000 బిల్లు. ఎర్లీ చెకిన్‌ట, గదికి 900. రాసిచ్చారా అంటే లేదుగా అన్నాడు కౌంటరులో కుర్రాడు. వెళ్లేవాళ్లు చెకౌట్ లెక్క వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. లేకపోతే తిరుచ్చిలో దిగి, పొద్దున బస్సెక్కి రండి.

అక్కణ్నుంచి ఆటోలో తిరువయ్యారు, రానూపోనూ 600, వెయిటింగుతో కలిపి. ఆ ఆటో అబ్బాయి బంగారం. కావేరి ఒడ్డున త్యాగయ్య సమాధి, ఎదురుగా చేతులు జోడించి కూర్చున్న బెంగుళూరు నాగరత్నమ్మ విగ్రహం. ఆ సమాధికి గుడి కట్టించిందీ, ముద్దుపళని కావ్యాన్ని 1910లో మళ్లీ అచ్చేయించిందీ ఆవిడే. మేం వెళ్లేసరికి ఇద్దరంటే ఇద్దరున్నారు. మామయ్య గారు నాగరత్నమ్మకి దండం పెట్టాకే త్యాగయ్య వైపు తిరిగారు.

బయట అశోకా హల్వా తిన్నాం. పెసరపప్పు, నెయ్యి, ఆకులో వేడివేడిగా, 40 రూపాయలు. మా మాటలు విని కొట్టాయన, "మాదీ తెలుగే సామీ, ఇంట్లో మాట్లాడుతాము, చదవను రాదు" అన్నాడు. మామయ్య గారు ఆయన పక్కన బల్ల మీద కూర్చుండిపోయి, మీ తాతలు ఏ ఊరని మొదలుపెట్టి, రెండో ఆకు తెప్పించుకున్నారు. షుగరు మాత్ర మా ఆవిడ బ్యాగులోనే ఉంది. ఇప్పుడు గుర్తు చెయ్యొద్దని నాకు కళ్లతో సైగ చేసింది.