శాన్ ఫ్రాన్సిస్కోలో మినీ గోల్ఫ్: పిల్లల్లేకుండా పెద్దవాళ్లమే వెళితే

బే ఏరియాలో ఉండే మనవాళ్లు చుట్టాలొస్తే తిప్పే దారి ఒకటే: గోల్డెన్ గేట్ బ్రిడ్జి, పియర్ 39, లాంబార్డ్ స్ట్రీట్, ఇంటికి. జులైలో అయితే సాయంత్రానికి పొగమంచు దిగి, చలిగాలికి అందరూ కారెక్కేద్దామంటారు. అలాంటి సాయంత్రాలకు నేను గట్టిగా చెప్పేది ఇండోర్ మినీ గోల్ఫ్, అంటే నాలుగు గోడల మధ్య చిన్న చిన్న అడ్డంకులు దాటించి బంతిని గుంటలోకి కొట్టే ఆట. "పిల్లల ఆటకు మనమెందుకురా" అని మా అక్క మొదట కొట్టిపారేసింది. ఆట మొదలయ్యాక స్కోర్ కార్డు ఎవరి చేతికీ ఇవ్వలేదు.

నిజానికి ఈ ఆటను ఊరూరా వ్యాపింపజేసింది పెద్దవాళ్లే. అమెరికాలో లుకౌట్ మౌంటెన్ అనే కొండ మీద హోటల్ నడిపిన గార్నెట్ కార్టర్ 'టామ్ థంబ్ గోల్ఫ్' పేరుతో దీన్ని అమ్మడం మొదలుపెట్టాక, 1930 నాటికి అమెరికా అంతా ఈ పిచ్చి పట్టుకుంది. న్యూయార్క్‌లో మేడల మీద కూడా కోర్సులు వేశారు. కాబట్టి వెంట పిల్లలు లేరని మొహమాటపడనక్కర్లేదు.

మాకు అన్నిటికన్నా నచ్చింది మిషన్ ప్రాంతంలోని అర్బన్ పట్. సౌత్ వాన్ నెస్, 22వ వీధి మూలమీద ఉంది. 2014లో తెరిచారు. అంతకుముందు ఆ భవనం శవాలను అంత్యక్రియలకు సిద్ధం చేసే ఫ్యూనరల్ హోమ్. ఆ సంగతి తెలిసి మా బావ గుమ్మం దగ్గర కాస్త తటపటాయించాడు గానీ, లోపల ఆ ఛాయలేమీ లేవు. హోల్స్, అంటే ఒక్కో గుంటకీ విడిగా కట్టిన ఆట స్థలాలు, 14 మాత్రమే. మామూలుగా 18 ఉంటాయి కదా, డబ్బులు గిట్టుబాటు కావేమో అనుకుంటాం. అలా అనుకోవద్దు. ప్రతి హోల్ వెనుకా శిల్పుల, ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్ల పని కనిపిస్తుంది.

భూకంపం హోల్ దగ్గర మేం చాలాసేపు ఆగిపోయాం. 1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున 5:12కి వచ్చిన భూకంపం, ఆ వెంట లేచిన మంటలు ఈ ఊరిని సగానికి పైగా తుడిచిపెట్టాయి. ఇక్కడ విక్టోరియన్ ఇళ్ల బొమ్మలు వరసగా నిలబడి వణుకుతుంటే మనం బంతి కొట్టాలి. మోకాళ్లు కొంచెం వంచి, బంతి కొట్టే కర్ర పట్టర్‌ను రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి అక్క కొట్టింది. బంతి గుంట అంచుదాకా వెళ్లి, ఒక్క క్షణం ఆగి, పక్కకు దొర్లిపోయింది. ఆ టెన్షన్ ఏ వయసుకైనా ఒకటే. బలం చూపించడం కాదు, గోడకు ఏ కోణంలో తగిలితే ఎటు తిరుగుతుందో చూసుకోవాలి. క్యారమ్స్ ఆడినవాళ్లకు ఇది త్వరగా పట్టుబడుతుంది.

జలాంతర్గామి హోల్ చూడ్డానికి బాగుంటుంది. చనిపోయినవాళ్లను తలుచుకునే మెక్సికన్ పండుగ పేరుతో ఉన్న హోల్ మాత్రం ఆ పేటకే తగినది. ఏటా నవంబరు 2న మిషన్ వీధుల్లో పుర్రె ముఖాల అలంకరణలతో, బంతిపూలతో ఊరేగింపు జరుగుతుంది. అది ఒకసారి చూసి ఉంటే ఈ హోల్ ఇంకా బాగా అర్థమవుతుంది.

శనివారం రాత్రి మాత్రం వెళ్లొద్దు. లోపలే బార్ ఉంది, గోల ఎక్కువ. ముందు గుంపు కదిలేదాకా ప్రతి హోల్ దగ్గరా నిలబడాలి. మామూలు రోజు సాయంత్రం నలుగురు కలిసి వెళితే హాయిగా ఉంటుంది.

రెండోది గిరార్డెలి స్క్వేర్‌లోని సబ్‌పార్. అదీ ఇండోరే, బే ఏరియాలోని చూడదగ్గ చోట్ల నమూనాలే అక్కడ హోల్స్. పావెల్-హైడ్ కేబుల్ కార్ ఎక్కితే లాంబార్డ్ మెలికల పైనుంచే పోయి, ఆ స్క్వేర్ దగ్గర్లో దింపుతుంది. చుట్టాలతో పగలు వెళ్లడానికి, అమ్మానాన్నలు వెంట ఉంటే, నేను దీన్నే చెబుతాను. పెద్దవాళ్ల సరదా సాయంత్రానికైతే అర్బన్ పట్టే.

మాల్స్‌లో నీలి లైట్ల కింద మెరిసే రకం కోర్సులు కూడా ఉంటాయి. అలాంటి ఒకదానికి వెళితే పచ్చ తివాచీ అంచులు లేచిపోయి బంతి ప్రతిసారీ తట్టుకుంటోంది. ఎక్కడికి వెళ్లినా చీకట్లో మెరిసే రంగులు చూసి మోసపోకండి. ముందు నేల చూడండి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.

తిండికి మిషన్‌లోని టాకేరియాలే, అంటే టాకోలు అమ్మే మెక్సికన్ హోటళ్లే మేలు. శాకాహారులు బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారా అని అడిగి ఆర్డరివ్వాలి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. బయటి ఊళ్ల నుంచి వచ్చి ఉండేవాళ్లకు యూనియన్ స్క్వేర్ హోటళ్ల కన్నా లాంబార్డ్ స్ట్రీట్ మోటళ్లు నయం, చాలావాటికి సొంత పార్కింగ్ ఉంటుంది. కారులో బ్యాగు, ల్యాప్‌టాప్ కనబడేలా అసలు వదలొద్దు. ఈ ఊళ్లో అద్దాలు పగలగొట్టే దొంగతనాలు మామూలే.

కారు గొడవే వద్దనుకుంటే బార్ట్ రైల్లో 24వ వీధి మిషన్ స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే చాలు. ఫ్రీమాంట్ వాళ్లకు పగలు గ్రీన్ లైన్ నేరుగా ఉంది. రాత్రి అది ఉండదు, బ్లూ లైన్ ఎక్కి బే ఫెయిర్‌లో ఆరెంజ్ లైన్‌కు మారాలి. అందుకని ఆఖరి ఆట మొదలుపెట్టేముందే రైళ్ల టైము చూసుకోండి.