ఆయిల్ పెయింటింగ్ క్లాసు, తిరుపతి: ఐదు టోపీలు, ఆరు ముఖాలు

తిరుపతిలో ఒక మేడ మీద, రేకుల షెడ్డులో, ఆదివారాలు నడిచే క్లాసు ఇది. పేరు రాయడం లేదు, మెచ్చుకునేవాటితో పాటు తిట్టేవీ ఉన్నాయి కాబట్టి. నాలుగు నెలలకు ఎనిమిది వేలు, కిట్‌కు ఇంకో మూడు వేలు.

వేరేచోట్ల అయితే మొదటి వారమే కొబ్బరిచెట్టు, సూర్యాస్తమయం వేయించి ఇంటికి పంపేస్తారు. ఈ సార్ నాలుగు నెలలూ ఒకే బొమ్మ కాపీ చేయిస్తారు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1662లో వేసిన 'సిండిక్స్'. ఆమ్‌స్టర్‌డామ్‌లో రంగులద్దిన బట్టల నాణ్యత తనిఖీ చేసే ఐదుగురు పెద్దమనుషులు నల్లకోట్లు, నల్లటోపీలతో బల్ల చుట్టూ ఉంటారు, వెనక టోపీ లేకుండా వాళ్ల పనివాడు. మాది నగరి, నాయనకు పవర్‌లూమ్‌లు ఉండేవి, అందుకే ఇది చూడగానే నచ్చేసింది. ఆయనకు చూపిస్తే మాత్రం "ఏందిరా, బట్ట చూసేవాళ్లంటివి, బట్ట ఎక్కడ? పుస్తకమే కదా ఉండేది" అన్నాడు.

నేర్చుకున్నదంతా ఆ నలుపు దగ్గరే. మూడో వారం నల్ల ట్యూబు పిండి కోట్లన్నీ నింపేశాను, దూరం నుంచి చూస్తే ఆరుగురూ కలిసి ఒకే గొంగడి కప్పుకున్నట్టుంది. సార్ ఏమీ అనలేదు, నైఫ్‌తో మొత్తం గీకేసి, ముదురు గోధుమరంగు బర్న్‌ట్ అంబర్‌లో అల్ట్రామెరైన్ నీలం కలిపి చూపించారు. అంబర్ ఎక్కువైతే వెచ్చటి నలుపు, నీలం ఎక్కువైతే చల్లటి నలుపు, భుజం ఒకటి, చెయ్యి ఒకటి అని విడిపోయాయి. పైగా అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కాబట్టి త్వరగా ఆరుతుంది, ట్యూబులోని ఐవరీ బ్లాక్ అనే నలుపు వారం తర్వాత కూడా చేతికి అంటుకుంటూనే ఉంటుంది.

ఇంకో తప్పు, బల్ల పైభాగం గీయడం. బ్యాచ్‌లో అందరం గీశాం. సార్ ట్యాబ్‌లో ఆ బొమ్మ ఉన్న రైక్స్‌మ్యూజియం వాళ్ల ఫోటో పెద్దది చేసి చూపించారు, బల్ల పైభాగం అసలు కనబడదు, ఎర్ర తివాచీ అంచు వరకే, మనం కింద నుంచి చూస్తున్నామన్నమాట. ఆ పనివాణ్ణి ఎక్కడ నిలబెట్టాలో తేలక రెంబ్రాంటే చాలాసార్లు మార్చాడని ఎక్స్‌రేలో తేలిందట, అది విన్నాక నాకు కాస్త టెన్షన్ తగ్గింది.

ఇక తిట్లు. కిట్ కొనకండి. అసలు బొమ్మ 191.5 సెంటీమీటర్ల ఎత్తు, 279 వెడల్పు, వీళ్లిచ్చే కాన్వాస్ 18 బై 24 అంగుళాలు. లెక్క కుదరదు, నాకు పైన ఒకటిన్నర అంగుళం మిగిలిపోతే "వెనకున్న చెక్కగోడ పొడిగించెయ్" అన్నారు. మూడు వేలు తీసుకుని గోడ పొడిగించమనడం ఏంటో! 16 బై 24 బయట కొనుక్కోండి, దాదాపు సరిపోతుంది. బ్రష్‌లైతే వెంట్రుకలు రాలి ముఖాలకు గడ్డాలు మొలిపించాయి.

అంతకంటే పెద్ద విషయం, నూనె గుడ్డలన్నీ అట్టపెట్టెలో కుక్కి మూల పెడుతున్నారు. రంగుల్లో ఉండే లిన్సీడ్ (అవిసె) నూనె గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని ఆరుతుంది, అప్పుడు వేడి పుడుతుంది, గుడ్డలు కుప్పగా ఉంటే వాటంతటవే అంటుకోవచ్చు. మన మే నెల ఎండల్లో, రేకుల కింద! రెండుసార్లు చెప్పాను, "చూద్దాంలే" అన్నారు. నా గుడ్డలు మాత్రం పిట్టగోడ మీద పరిచి ఆరబెట్టేవాణ్ణి. టర్పెంటైన్ వాసనకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా లేదు, కిటికీ పక్క ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) కావాలంటే తొమ్మిదికల్లా వెళ్లాలి.

చివరి రోజు ఐదు వందలకు వార్నిష్ వేసిస్తామంటారు, వద్దనండి. రంగు మందంగా ఉంటే కనీసం ఆరు నెలలు ఆగాలి. నాది హాల్లో అలాగే ఉంది, మూడో టోపీ మీద వేలు పెడితే ఇప్పటికీ అంటుకుంటుంది.