ఈ-లోడ్ టైర్లు వేయించాక డోర్ స్టిక్కర్ నంబర్ నమ్మకండి

ట్రెడ్ ఎంత లోతు, హైవే మీద ఎంత మోత, వారంటీ ఎన్ని మైళ్ళు, ఇవన్నీ అందరూ రాసేశారు కాబట్టి నేను రాయట్లేదు. నా బాధంతా గాలి గురించే.

మాది మామూలు హాఫ్-టన్ పికప్ ట్రక్, డాలస్ చుట్టుపక్కల ప్రతి రెండో ఇంటి ముందూ కనిపించేదే. కంపెనీతో వచ్చినవి పీ-మెట్రిక్, అంటే కార్ల రకం టైర్లు, సైజు 275/65ఆర్18. ఊరవతల కొంచెం భూమి కొన్నాం, లోపలికి కంకర దారి, దాని పొడుగునా మెస్కీట్ చెట్లు, అది మన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టమే, ముల్లు కూడా ఆ బాపతే. అందుకని అదే సైజులో ఎల్‌టీ (లైట్ ట్రక్ రకం), లోడ్ రేంజ్ ఈ, అంటే ఎక్కువ బరువు మోసే బిరుసు టైర్లు వేయించా.

బిగించిన షాపువాళ్ళు డోర్ స్టిక్కర్ (ఎంత గాలి పెట్టాలో బండి కంపెనీ డ్రైవర్ డోర్ దగ్గర అతికించేది) చూసి 35 పీఎస్‌ఐ గాలి కొట్టి పంపేశారు. ఇవి వేరే రకం టైర్లు కదా అంటే, స్టిక్కర్ మీద ఏముంటే అదే అన్నారు. సైడ్‌వాల్ మీద చూస్తే 80 అని ఉంది, అది టైరు ఫుల్ బరువు మోయడానికి కావాల్సిన గాలి, రోజూ పెట్టుకోమని కాదు. మా బావమరిదేమో "50 కొట్టేయ్ బావా, ఇంక ఆలోచించకు" అంటాడు.

కూర్చుని లెక్కేస్తే తేలింది ఇదీ. పాత టైరు లోడ్ ఇండెక్స్ (ఒక్కో టైరు ఎంత మోయగలదో చెప్పే కోడ్) 116, అంటే 2756 పౌండ్లు, కానీ పీ-మెట్రిక్‌ని ట్రక్కుకి వాడితే ఆ అంకెని 1.10తో భాగించాలి, 2505 వస్తుంది. ఎల్‌టీ టైరు అంత మోయాలంటే టైర్ల కంపెనీలు ఇచ్చే లోడ్ టేబుల్లో దాదాపు 50 పీఎస్‌ఐ దాకా వెళ్ళాలి (50 దగ్గర 2535). గట్టి టైరు కదా తక్కువ గాలైనా చాల్లే అనుకుంటాం, సరిగ్గా రివర్స్, 35 దగ్గర కొత్త టైరు పాతదానికంటే తక్కువ మోస్తుంది. బావమరిది గుడ్డిగా చెప్పిందే కరెక్ట్ అయింది, ఈ సంగతి వాడికి ఇంకా చెప్పలేదు.

అయితే ఖాళీ బండికి 50 పెడితే వెనక కూర్చున్న పిల్లలు ప్రతి బ్రిడ్జి జాయింట్ దగ్గరా కేకలు. ట్రక్ స్టాప్‌లో కాటా వేయిస్తే ముందు యాక్సిల్ 2900 చిల్లర, వెనక 2100. సుద్దముక్కతో ట్రెడ్ మీద అడ్డంగా మందంగా గీసి మా వీధిలో తిన్నగా నడిపి చూశా, 50 దగ్గర మధ్యలో మాత్రమే చెరిగింది, అంచుల్లో తెల్లగా అలాగే ఉంది, 42కి వచ్చేసరికి దాదాపు సమానంగా చెరిగింది. సుద్ద పరీక్షని పూర్తిగా నమ్మొద్దు, ఖాళీ బండిలో ఇంకా తగ్గించినా బాగానే కనిపిస్తుంది. ఖాళీగా ముందు 42 వెనక 40, ట్రైలర్ తగిలిస్తే నాలుగింటికీ 50, ఇదీ ఇప్పుడు నా పద్ధతి. రూల్ ప్రకారమైతే ఖాళీగా ఉన్నా 50కి తగ్గకూడదు, తగ్గించడం నా సొంత పూచీ. కొలిచేది మాత్రం పొద్దున్నే బండి కదలకముందే, 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడితే ఒక పీఎస్‌ఐ పోతుంది, ఇక్కడ ఒక్క రాత్రిలో 40 డిగ్రీలు పడిపోయే చలిగాలులు వస్తాయి.

ఇక అసలు కథ. ఆగస్టులో ట్రైలర్ నిండా ఫెన్సింగ్ సామాను వేసుకుని వెళ్తూ గ్యాస్ కోసం ఆగా. అలవాటుగా టైర్ల మీద చెయ్యి పెట్టి చూస్తే వెనక కుడివైపుది చెయ్యి ఆనలేనంత వేడి, ఎడమది మామూలే. గేజ్ పెడితే ఎడమది 55, ఇది 30, అదీ వేడి మీద. చూపుకి రెండూ ఒకేలా నిలబడి ఉన్నాయి, సైడ్‌వాల్ అంత బిరుసు మరి, పాత టైరైతే పొట్ట కిందకి జారి దూరం నుంచే తెలిసేది. డాష్‌బోర్డులో గాలి తగ్గిందని చెప్పే లైట్ వెలగలేదు. గాడిలో విరిగిన మెస్కీట్ ముల్లు, ముక్కు పటకారతో లాగితే బుస్సుమంది, కిట్‌లోని జిగురు తాడు దూర్చి, ఆ చిన్న 12 వోల్టుల కంప్రెసర్‌తో 50 ఎక్కేదాకా ఎండలో నిలబడ్డా.

లైట్ ఎందుకు రాలేదంటే, ఫెడరల్ రూల్ ప్రకారం అది స్టిక్కర్ నంబర్ కంటే 25 శాతం తగ్గితే వెలగాలి, 35కి అంటే 26 చిల్లర. నాకు కావాల్సింది 50, సగానికి పడిపోయేదాకా అది మాట్లాడదన్నమాట. 2000లో ఫైర్‌స్టోన్ టైర్లు ఊడి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్ళు బోల్తా పడ్డ గొడవ తర్వాత తెచ్చిన చట్టంతోనే ఈ లైట్లు తప్పనిసరి అయ్యాయి, అప్పుడూ తగువు గాలి 26 పెట్టాలా 30 పెట్టాలా అనే. కొన్ని ట్రక్కుల్లో ల్యాప్‌టాప్ తగిలించి ఆ నంబర్ మార్చుకోవచ్చు, నేను మార్చించా.

వేయించిన కొత్తలో మా వాట్సాప్ గ్రూప్‌లో వీటికి ముల్లు దిగదు అని రాశా, దిగుతుంది, కాకపోతే తక్కువ. వానలో గ్రిప్ సూపర్ అన్నది కూడా ట్రెడ్ సగం అరిగాక అంత లేదు, మైలేజ్ కూడా ఒకటి ఒకటిన్నర తగ్గింది. ఆఫీసుకీ ఇండియన్ స్టోర్‌కీ తిరిగేవాళ్ళకి ఇవి దండగ. నాలా కంకర దారి, ట్రైలర్ ఉంటే పర్లేదు, గేజ్ బండిలోనే పెట్టుకోండి. ఇదే సైజులో సీ-లోడ్ కూడా ఉంది, 50 దగ్గరే దాని ఫుల్ మోత 2535, నా బరువులకి అది చాలు, ఇవి అరిగాక ధర కుదిరితే అటు వెళ్తానేమో.