చెయ్యి పీకేసే బేస్ లైన్లు: ఏళ్ల తరబడి స్టేజీ మీద వాయించాక నా రివ్యూ

పాట కింద బేస్ గిటార్ వాయించే వరసలే బేస్ లైన్లు. వాటిలో వినడానికి ఏవి బాగుంటాయో ఇక్కడ రాయట్లేదు, అవి అందరికీ తెలిసినవే. బ్యాండ్‌తో నిలబడి, పక్కన డ్రమ్స్ మోగుతుంటే, మూడో సెట్ (బ్రేక్‌కీ బ్రేక్‌కీ మధ్య వాయించే పాటల వరస) చివర్లో ఏ లైన్ వాయిస్తే ముంజేయి రాయిలా బిగుసుకుపోతుందో, దేనికి భయపడక్కర్లేదో చెబుతా. హైదరాబాద్‌లో కవర్ బ్యాండ్ మాది. పబ్బులు, కాలేజీ ఫెస్టులు, కార్పొరేట్ పార్టీలు, పెళ్లిళ్ల ముందు సంగీత్‌లు, ఏదొస్తే అది. కింద చెప్పే పాటలన్నీ ఏళ్లుగా మా సెట్‌లిస్ట్‌లో ఉన్నవే, కొన్ని ఈమధ్య తీసేశాం. నా చేతిలో ఉన్నది మామూలు నాలుగు తీగల జాజ్ బేస్ తరహా గిటార్, 34 అంగుళాల స్కేల్ (అంటే మోగే తీగ పొడవు), 45 నుంచి 105 సైజు స్ట్రింగ్స్.

"బేస్‌లో ఏముంది బ్రో, నాలుగు తీగలేగా" అనే గిటారిస్టులకి ఒక చిన్న పరీక్ష. మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) మీద చూపుడు వేలు, నాలుగో ఫ్రెట్ మీద చిటికెన వేలు పెట్టి అలాగే ఉంచమనండి. 34 అంగుళాల బేస్ మీద ఆ రెండు ఫ్రెట్ల మధ్య దూరం 13 సెంటీమీటర్లు వస్తుంది. 25.5 అంగుళాల ఎలక్ట్రిక్ గిటార్ మీద అదే దూరం 10 సెంటీమీటర్లు కూడా ఉండదు. పైగా తీగ లావు, ఒక్కోటి దాదాపు ఇరవై కిలోల బిగువుతో ఉంటుంది. అందుకే డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే, ఫ్రెట్లు లేని పెద్ద బేస్) వాయించేవాళ్లు కింది పొజిషన్లలో, అంటే మెడ చివరి వైపు, నాలుగు వరస స్వరాలకి నాలుగు వేళ్లు అనే పద్ధతి పెట్టుకోరు, చూపుడు, నడిమి, చిటికెన వేళ్లతో సర్దుకుంటారు, ఉంగరపు వేలు చిటికెన వేలికి తోడుగా దిగుతుంది. ఐదో ఫ్రెట్ కిందకి దిగితే నాదీ అదే పద్ధతి, ఎవరేమన్నా సరే.

కష్టమైన బేస్ లైన్ అనగానే అందరూ ఎత్తే పేరు బ్రిటిష్ రాక్ బ్యాండ్ మ్యూజ్ వాళ్ల 'హిస్టీరియా'. 2003లో వచ్చింది, వాయించింది క్రిస్ వోల్స్టెన్‌హోమ్. నిమిషానికి సుమారు 94 బీట్లు, బీటుకి నాలుగు స్వరాలు, అంటే సెకనుకి ఆరుకి కాస్త పైన. అంకె చూస్తే పెద్ద వేగమేం కాదు. బాధంతా ఎక్కడంటే మధ్యలో ఊపిరి పీల్చుకునే సందు ఉండదు, ఎడమ చెయ్యి లావు తీగ నుంచి సన్న తీగకి ఎక్కుతూ దిగుతూనే ఉంటుంది, పైగా సౌండ్ అంతా ఫజ్‌లో (సౌండ్‌ని గరగరలాడించే ఎఫెక్ట్) ఉంటుంది కాబట్టి ఆ క్షణంలో వాయించని తీగ ఏదైనా కొంచెం కదిలినా చాలు, హాలంతా గోల. అంటే వాయించే పని ఒకటి, వాయించని తీగల్ని మూసి పెట్టే పని ఇంకొకటి.

అయినా నా లెక్కలో దీనికి ఉన్న పేరు కొంచెం ఎక్కువే. ఫజ్ వేశాక సౌండ్ మొత్తం నలిగి ఒకే మట్టానికి వచ్చేస్తుంది, మెల్లగా మీటినా గట్టిగా మీటినా బయటికి దాదాపు ఒకేలా వినపడుతుంది. ఆ సంగతి వేళ్లకి అలవాటైతే కుడి చెయ్యి చాలా తేలికైపోతుంది. మొదట్లో యూట్యూబ్‌లో పాఠాలు చెప్పేవాళ్లంతా స్పీడ్, స్పీడ్ అని చంపేశారు గానీ ఈ తేలిక గురించి ఒక్కరూ చెప్పినట్టు గుర్తులేదు.

అసలు చెయ్యి పీకేది హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ వాళ్ల 'ది ట్రూపర్', 1983. టెంపో 160 దగ్గర ఉంటుంది, గుర్రం దౌడు తీసినట్టు డం-డక, డం-డక అని బీటుకి మూడు స్వరాలు, సగటున సెకనుకి ఎనిమిది. వాళ్ల బేసిస్ట్ స్టీవ్ హ్యారిస్ దీన్ని పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) లేకుండా వేళ్లతో, అదీ రెండే వేళ్లతో, ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నగా ఉండే) తీగల మీద వాయిస్తాడు. రెండు వేళ్లు, మూడు స్వరాలు అనగానే చిక్కు ఏంటో అర్థమైపోవాలి. మొదటి బీటు చూపుడు వేలితో మొదలైతే రెండో బీటు నడిమి వేలితో మొదలవుతుంది, మూడోది మళ్లీ చూపుడు వేలు. నడిమి వేలు పొడుగు, దాని దెబ్బ వేరు. ప్రతి బీటు మొదటి స్వరం ఒకే బరువుతో పడకపోతే దౌడు కాస్తా కుంటినడక అవుతుంది. ఉంగరపు వేలు కూడా కలిపి మూడు వేళ్లతో వాయించేవాళ్లున్నారు, అప్పుడు ప్రతి బీటూ ఒకే వేలితో మొదలవుతుంది కాబట్టి లెక్క నీట్‌గా కుదురుతుంది. కానీ ఉంగరపు వేలికి ఆ బలం రావడానికి చాలా కాలం పడుతుంది, నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

ఈ పాటతోనే నాకు అసలు విషయం అర్థమైంది. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రికార్డు పక్కన పెట్టి వాయిస్తే చివరిదాకా హాయిగా వచ్చేస్తుంది. అదే పాట స్టేజీ మీద రెండో వెర్స్‌కే ముంజేయి బిగుసుకుంటుంది. వేళ్లు అవే, టెంపో అదే, మారింది ఒక్కటే, నా సౌండ్ నాకు వినపడట్లేదు. వినపడకపోతే ఏం చేస్తాం, తెలియకుండానే గట్టిగా మీటుతాం. గట్టిగా మీటితే మణికట్టు బిగుస్తుంది, కుడి చెయ్యి బిగిస్తే ఎందుకో ఎడమ చెయ్యి కూడా తీగని అవసరానికి మించి నొక్కుతుంది, ఇంక బొటనవేలు మెడ వెనకాల పిడికిలిలా పట్టేసుకుంటుంది. అందుకే ఒక బేస్ లైన్ శరీరానికి ఎంత కష్టమో చెప్పాలంటే నోట్స్ చూసి చెప్పలేం అని నా అభిప్రాయం. ఆ రోజు మానిటర్ (మా సౌండ్ మాకే వినిపించే స్పీకర్) ఎలా ఉంది, డ్రమ్మర్ ఎంత గట్టిగా కొడుతున్నాడు, సెట్‌లో ఆ పాట ఎక్కడ పడింది, ఇవి చూసి చెప్పాలి. బేస్ యాంప్‌ని నేల మీద పెట్టి దానికి ఆనుకుని నిలబడితే సౌండ్ అంతా మోకాళ్లకి తగులుతుంది, చెవికి చేరదు. ఒక కుర్చీ మీదో కేస్ మీదో ఎత్తి పెట్టి, కొంచెం దూరం జరిగి నిలబడండి. ఖర్చు లేదు, వేళ్ల ఎక్సర్‌సైజులన్నిటికంటే నాకు ఇదే ఎక్కువ పనికొచ్చింది. ఇన్-ఇయర్ మానిటర్లు ఉంటే ఇంకా మంచిది, కానీ మన దగ్గర చాలా పబ్బుల్లో సింగర్‌కి సరైన మానిటర్ ఇస్తేనే పండగ.

అమెరికన్ ఫంక్ బ్యాండ్ టవర్ ఆఫ్ పవర్ వాళ్ల 'వాట్ ఈజ్ హిప్' గురించి తక్కువ మాట్లాడుకుంటారు, నాకైతే అన్నిట్లోకీ పెద్ద పరీక్ష ఇదే. 1973 పాట, బేస్ రోకో ప్రెస్టియా. ఇందులో కూడా బీటుకి నాలుగు స్వరాలు పరిగెడుతూనే ఉంటాయి, కానీ ప్రతి స్వరం పొట్టిగా, టక్కున ఆగిపోవాలి. మీటిన మరుక్షణం ఎడమచేతి వేళ్లు తీగ మీద నుంచి పూర్తిగా లేవకుండా కొద్దిగా వదలాలి, మళ్లీ నొక్కాలి, మళ్లీ వదలాలి. ప్రెస్టియా గొప్పతనమంతా ఆ మూసే పద్ధతిలోనే ఉంది, ఆ శబ్దంలో స్వరం ఎంతో, చప్పుడు ఎంతో విడదీసి చెప్పలేం. 'హిస్టీరియా'లో ఫజ్ నా లోపాల్ని కప్పేస్తుంది. ఇక్కడ సౌండ్ క్లీన్, దాక్కోవడానికి చోటు లేదు. అలసిపోగానే ముందు ఎడమ చెయ్యి బద్ధకిస్తుంది, స్వరాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, గ్రూవ్ (పాట ఊపు) ముద్దయిపోతుంది. జనానికి తప్పు ఎక్కడుందో తెలియదు గానీ కాలు ఆడించడం మానేస్తారు. మాకు ఈ పాటకి కావాల్సిన బ్రాస్ సెక్షన్ (ట్రంపెట్, శాక్సోఫోన్ లాంటివి) ఎలాగూ లేదు, అందుకే పబ్ సెట్‌లోంచి దీన్ని తీసేశాం, రిహార్సల్‌లో వార్మప్‌కి మాత్రం ఇప్పటికీ వాయిస్తా.

ఇప్పుడు అందరూ తేలిక అనుకునే మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్'. రికార్డులో లూయిస్ జాన్సన్ వాయించాడు. ఒక బార్‌లో (నాలుగు బీట్ల చుట్టు) ఎనిమిది స్వరాలు, వాటిలో వేరువేరు స్వరాలు నాలుగే, టెంపో 117 దగ్గర. నేర్చుకోవడానికి అరగంట చాలు. కానీ పాట దాదాపు ఐదు నిమిషాలు, ఎక్కువ భాగం అదే చక్రం, ఏ బార్ కూడా పక్క బార్ కంటే ముందుకో వెనక్కో జరగకూడదు. అదే కదలికని, అదే బలంతో, వందల సార్లు చేయడం చేతికి మంచిది కాదు, ఏ ఫిజియోథెరపిస్ట్‌ని అడిగినా చెబుతారు. దీనికి సంగీత్ స్పెషల్ ఒకటి ఉంది. పెళ్లికూతురి కజిన్స్ డ్యాన్స్ ఇంకా అవ్వలేదని యాంకర్ చెయ్యి గాల్లో తిప్పుతాడు, మా కీబోర్డు వాడు "అన్నా, ఇంకో రౌండ్" అంటాడు, ఆ రౌండ్ ఎప్పుడు ముగుస్తుందో దేవుడికే తెలియాలి. ఐదు నిమిషాల పాట పన్నెండు నిమిషాలవుతుంది. 'ది ట్రూపర్' వాయించి దిగినప్పుడు చెయ్యి అలసిపోతుంది, సాగదీసిన 'బిల్లీ జీన్' తర్వాత మాత్రం నొప్పెడుతుంది. ఆ రెండిటికీ తేడా వాయించేవాళ్లకి తెలుసు.

దీనికి ఒక చిట్కా. ఈ లైన్‌ని చాలామంది రెండో ఫ్రెట్, నాలుగో ఫ్రెట్ మధ్య, ఎ, డి తీగల మీద వాయిస్తారు. అక్కడ వేళ్ల మధ్య దూరం 8 సెంటీమీటర్ల పైన. అవే స్వరాలు ఇ, ఎ తీగల మీద ఏడో ఫ్రెట్, తొమ్మిదో ఫ్రెట్ మధ్య దొరుకుతాయి, అక్కడ దూరం 6 సెంటీమీటర్ల చిల్లరే. సౌండ్ కూడా కొంచెం గుండ్రంగా వస్తుంది, నాకు అదే నచ్చుతుంది. రౌండ్లు పెరిగే కొద్దీ కింద కొంతసేపు, పైన కొంతసేపు మార్చుకుంటూ పోతా.

స్లాప్, అంటే తీగని మీటకుండా బొటనవేలితో కొట్టడం గురించి పెద్దగా చెప్పను. అమెరికన్ బేసిస్ట్ ల్యారీ గ్రాహమ్ తన తల్లితో కలిసి వాయించేటప్పుడు డ్రమ్మర్ లేని లోటు తీర్చడానికి బొటనవేలితో తీగని కొట్టడం మొదలుపెట్టాడంటారు, ఆ తర్వాత దాన్ని రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ బేసిస్ట్ ఫ్లీ లాంటివాళ్లు ఎక్కడికో తీసుకెళ్లారు. చూడ్డానికి చాలా కష్టంగా కనపడుతుంది, బొటనవేలి పక్కన బొబ్బ వస్తుంది, కాయ కాశాక పోతుంది. మణికట్టు తిప్పడం వల్ల వచ్చే దెబ్బ అది, బలంతో పనిలేదు. చప్పట్లు ఎక్కువ, కష్టం తక్కువ. పబ్బుల్లో పనిచేసే ఫార్ములా.

మన పాటల దగ్గరికొస్తే ఇళయరాజా. ఎనభైల్లో, తొంభైల్లో ఆయన తెలుగు పాటలకి రాసిన బేస్ చాలా చోట్ల పాట కింద తాళం వేసే పని చేయదు, తానే ఒక రాగం పాడుతూ పోతుంది. ఆయన బృందంలో శశిధరన్ వాయించిన బేస్‌ని హెడ్‌ఫోన్స్‌లో విడిగా వినండి, పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే భాగాల్లో ఎంత తిరుగుతుందో తెలుస్తుంది. వేగం పరంగా ఇవేవీ 'ది ట్రూపర్' దగ్గరికి రావు. కష్టం ఇంకో రకం, రిపీట్ ఉండదు కాబట్టి చెయ్యి ఒక చోట స్థిరపడదు. కింది పొజిషన్ నుంచి పైకి, పై నుంచి కిందకి, తరువాత ఏం వస్తుందో గుర్తుపెట్టుకుంటూ. ఆర్కెస్ట్రాలో వాయించే పెద్దవాళ్లు కొందరు నోటేషన్ చూడకుండా వరసపెట్టి ఇరవై పాటలు వాయించేస్తారు, వాళ్లకి దండం. నాకు ఇలాంటి సెట్ అయ్యాక వేళ్ల కంటే బుర్ర ఎక్కువ అలసిపోతుంది, భుజం రెండో స్థానం.

భుజం అన్నాను కాబట్టి బరువు మాట. నా బేస్ నాలుగు కిలోల పైచిలుకు, మూడు గంటల ప్రోగ్రామ్‌లో ఆ బరువంతా ఎడమ భుజం మీదే. సన్న స్ట్రాప్ తీసేసి వెడల్పాటి తోలు స్ట్రాప్ వేశాక చాలా తేడా వచ్చింది. రాక్‌స్టార్‌లా మోకాళ్ల దగ్గర వేలాడదీస్తే ఎడమ మణికట్టు బాగా వంగిపోతుంది, వంగిన మణికట్టుతో వేగంగా నొక్కడమంటే నరాల మీద పగ తీర్చుకున్నట్టే. కూర్చుని వాయించినప్పుడు బేస్ ఎక్కడుంటుందో నిలబడ్డప్పుడూ అక్కడే ఉండేలా స్ట్రాప్ సరిచేసుకోండి. ఫోటోల్లో అంత బాగుండదు, ఉండనివ్వండి.

తీగల ఎత్తు, అదే యాక్షన్, ఎవరైనా తెలిసిన రిపేర్ మనిషి చేత సెట్ చేయించండి, కొత్త బేస్ కొనే ముందు చేయాల్సిన పని అదే. విశాఖలో బీచ్ దగ్గర ఓపెన్ ఎయిర్ ప్రోగ్రామ్‌లు చేసినప్పుడు గమనించాను, ఉప్పు గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి, తుప్పు తీగ మీద వేలు జారదు, జారకపోతే ప్రతి పొజిషన్ మార్పుకీ అదనపు బలం. మే నెలలో హైదరాబాద్ లాన్లలో దానికి రివర్స్, చెమటకి వేలు నిలబడదు. జేబులో పాత కాటన్ గుడ్డ పెట్టుకోండి, పాటకీ పాటకీ మధ్య తుడవండి. చేతులు మరీ చిన్నవైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్ తీసుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు, పాల్ మెకార్ట్నీ చేతిలోని వయొలిన్ ఆకారపు హాఫ్నర్ కూడా ఆ సైజుదే.

ఒక్క విషయంలో మాత్రం జోకులొద్దు. ముంజేయి మంట వేరు, బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లలో తిమ్మిరి వేరు. మొదటిది ఆగితే పోతుంది. రెండోది రాత్రి నిద్రలో కూడా వస్తుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతుండొచ్చు, అప్పుడు ఇంకా ప్రాక్టీస్ చేసి అలవాటు చేసుకుంటా అనకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ప్రస్తుతం మా సెట్‌లో ఏవి ఉన్నాయంటే, 'హిస్టీరియా' ఉంది, రెండో సెట్ మధ్యలో, ముందూ వెనకా రెండు స్లో పాటలతో. 'బిల్లీ జీన్' తప్పదు, డబ్బులిచ్చేవాళ్లు అడుగుతారు, రౌండ్లకి మాత్రం లిమిట్ పెట్టమని యాంకర్‌కి ముందే చెబుతున్నాం, సగం మంది వింటారు. 'ది ట్రూపర్' బ్రేక్ అవ్వగానే మొదటి పాట, చివరి పాటగా పెట్టమని మా గిటారిస్ట్ ఎంత పోరినా ఒప్పుకోవట్లేదు, వాడు సోలో అయ్యాక నీళ్లు తాగుతాడు, నేను దౌడు తీస్తూనే ఉండాలి మరి.