ఫార్మ్ డి ప్రాజెక్టుకి ఏది మేలు? పాత కేస్ షీట్లా, వార్డులో పేషెంట్లా?

"అక్కా, ప్రాస్పెక్టివ్ పెట్టుకుంటే మేలా, రెట్రోస్పెక్టివా?" ప్రాస్పెక్టివ్ అంటే ఇప్పుడు వార్డులో ఉన్న పేషెంట్ల దగ్గర డేటా తీసుకునేది, రెట్రోస్పెక్టివ్ అంటే పాత కేస్ షీట్లలోంచి తీసేది. ఫార్మ్ డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) ఫిఫ్త్ ఇయర్ క్లాసులు మొదలైనాయంటే చాలు నాకు ఇదే మెసేజ్. ఈసారి ఇప్పటికే ఐదుగురు అడిగినారు, తిరుపతి నుంచి ఇద్దరు, చిత్తూరు నుంచి ముగ్గురు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టి పెట్టి గొంతు పోయింది, అందుకే ఒకేసారి ఇక్కడ రాసి పడేస్తున్నా, ఇకపైన అడిగినోళ్ళకి ఇదే పంపిస్తా.

టీమ్‌లో ఇద్దరికి తక్కువ కాకుండా నలుగురికి మించకుండా ఉండాలి, ఎథిక్స్ కమిటీ (పేషెంట్ల మీద చేసే స్టడీలకి అనుమతిచ్చే కమిటీ) ఒప్పుకోవాలి, మూడు సెమినార్లు ఇవ్వాలి, ఇవన్నీ మీకు తెలిసినవే. కాగితం మీద ప్రాజెక్టు ఆరు నెలలు. నిజంగా చేతికొచ్చేది అంత కాదు. టాపిక్ తేల్చి ప్రోటోకాల్ రాసి కమిటీ మీటింగ్ పడి లెటర్ చేతికొచ్చే లోపల నెలన్నర పోతుంది, చివర్లో రాయడానికీ గైడ్ దిద్దడానికీ బైండింగ్‌కీ ఇంకో నెల. మిగిలింది మూడున్నర నెలలు, అందులోనే క్లర్క్‌షిప్పు (వార్డు పోస్టింగు), అందులోనే సంక్రాంతి. ఏది ఎంచుకున్నా ఈ మూడున్నర నెలల్లో పట్టాలి, అది మనసులో పెట్టుకోని మిగతాది చదవండి.

మేం నలుగురం మొదట పెట్టుకున్నది రెట్రోస్పెక్టివ్. ఎందుకంటే నిజం చెప్పాలి కదా, సుఖం అని. పేషెంట్ల వెంట పడక్కర్లేదు, సంతకాలు అడగక్కర్లేదు, రికార్డు రూములో ఫ్యాన్ కింద కూర్చోని ఫైళ్ళు తిరగేసి ఎక్సెల్‌లో ఎక్కిస్తే అయిపోతుంది అనుకున్నాం. మెట్లు తక్కువ కదా అని తిరుమలకి శ్రీవారి మెట్టు దారి పట్టినోళ్ళకి ఆ నిట్టనిలువు సంగతి సగంలో గానీ తెలీదు చూడండి, అట్లా అయింది మా పని. టాపిక్ ఏమంటే కిడ్నీ సరిగ్గా పనిచేయని పేషెంట్లకి మందుల డోసు తగ్గించి ఇస్తున్నారా లేదా అని. మంచి టాపిక్కే, ఇప్పటికీ అదే చెప్తా.

హాస్పిటల్ పేరు చెప్పను, అడగొద్దు. రికార్డు రూములో ఉండే సార్ మంచాయనే పాపం, కానీ ఆయన దగ్గర ఫైళ్ళు ఐపీ నంబర్ (అడ్మిషన్ నంబర్) ప్రకారం ఉంటాయి, జబ్బు ప్రకారం కాదు. "కిడ్నీ కేసులు ఇవ్వండి సార్" అంటే ఆయన నవ్వినాడు. "నంబర్లు తెచ్చుకో మా, తీసిస్తా." నంబర్ల కోసం వార్డు రిజిస్టర్ల చుట్టూ తిరిగినాం వారం. రోజుకి ఇన్ని ఫైళ్ళే అని ఒక లెక్క, మధ్యాహ్నం భోజనానికి తాళం. ఇదంతా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఏమంటే బరువు.

కిడ్నీ ఎంత పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ లెక్క మీకు నోటికి వచ్చు, కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ ఫార్ములా, 1976 నాటిది: 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, కింద 72 ఇంటు క్రియాటినిన్, ఆడవాళ్ళకైతే 0.85తో గుణించాలి. వయసు కేస్ షీట్ మొదటి పేజీలోనే ఉంటుంది, క్రియాటినిన్ ల్యాబ్ రిపోర్టులో ఉంటుంది. బరువు ఉండదు. పది ఫైళ్ళు తెరిస్తే ఏడెనిమిదిట్లో ఆ గడి ఖాళీ. నడవలేక స్ట్రెచర్ మీద వచ్చిన మనిషిని ఎవరు తూకమేస్తారు, రాత్రి రెండు గంటలకి అడ్మిట్ చేసుకున్న డ్యూటీ డాక్టర్‌కి అదా పని, వాళ్ళనీ తప్పుపట్టలేం. కానీ బరువు లేకపోతే మా ప్రాజెక్టే లేదు.

అప్పుడు మా టీమ్‌లో ఒకడు ఒక ఐడియా చెప్పినాడు, ఇట్లాంటి ఐడియా ప్రతి టీమ్‌లోనూ ఎవడో ఒకడు చెప్తాడు కాబట్టి రాస్తున్నా. లేనిచోటంతా 60 కేజీలు వేసేద్దాం అని. సరే, వేసి చూద్దాం. అరవై ఏళ్ళ మగమనిషి, క్రియాటినిన్ 2, అసలు బరువు 52 అనుకోండి. 80 ఇంటు 52 బై 144, అంటే 28.9. అదే మనిషికి 60 వేస్తే 33.3. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపారిన్ ట్రీట్‌మెంట్ డోసు రోజుకి రెండుసార్లా ఒక్కసారా అనేది క్లియరెన్స్ 30 దగ్గరే మారుతుంది. అంటే రోజుకి ఒకసారే ఇవ్వాల్సిన మనిషికి రెండుసార్లు ఇచ్చినా "డోసు కరెక్ట్" అని మన థీసిస్‌లో రాస్తాం. ఊరికే నింపిన ఒక గడితో తప్పు కాస్తా ఒప్పయిపోయింది. మా గైడ్ మేడమ్ ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించి మార్కర్ కింద పెట్టేసింది, ఇంకేం మాట్లాడలేదు.

నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఇదొక్కటే: ఖాళీ గడి కనిపించినప్పుడు దాన్ని నింపే దారి మీకుందా లేదా. టాపిక్ గొప్పదా, జర్నల్‌లో పడుతుందా, ఇవన్నీ తర్వాత. పాత ఫైల్లో రాయనిది ఎప్పటికీ రాయనిదే, ఆ పేషెంట్ ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో కూడా తెలీదు. వార్డులో పేషెంట్ డిశ్చార్జ్ అయ్యేదాకా మంచం మీదే ఉంటాడు, మీరు మర్చిపోయింది సాయంత్రం పోయి అడిగి రావచ్చు. ఈ ఒక్క కారణానికే నా ఓటు ప్రాస్పెక్టివ్‌కి.

మేం కూడా చివరికి దానికే మారినాం, కమిటీకి మళ్ళీ ప్రోటోకాల్ పెట్టి, ఐదు వారాలు మట్టిలో కలిపి. పాత ఫైళ్ళ స్టడీకైతే పేర్లు తీసేసి డేటా వాడతామంటే పేషెంట్ సమ్మతి అక్కర్లేదని కమిటీ మినహాయింపు ఇవ్వొచ్చు, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్‌లో ఆ వీలుంది. వార్డులో మనిషిని పట్టుకుంటే ఆ మినహాయింపు ఆశించొద్దు, సమ్మతి పత్రం కావాల్సిందే. ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి ఉంది. తెలుగు ఫామ్ ఒక్కటి కొట్టించుకోని పోయినాం, మూడో రోజే బుద్ధొచ్చింది. గుడియాత్తం వైపు నుంచి, తిరుత్తణి వైపు నుంచి వచ్చేవాళ్ళు మనకంటే బాగా తెలుగు మాట్లాడతారు, కాగితం ఇస్తే మాత్రం "తమిళంలో లేదా మా?" అంటారు, మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం. కాబట్టి తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ చేసేవాళ్ళు రెండు భాషల్లోనూ ఫామ్ రాయించి, రెండూ కమిటీకి మొదట్లోనే పెట్టేయండి, తర్వాత పెడితే దానికి మళ్ళీ ఒక మీటింగ్ దాకా ఆగాలి. ఇంకోటి, కొండకి వచ్చి జబ్బుపడి చేరినోళ్ళు డిశ్చార్జ్ కాగానే రైలెక్కేస్తారు, నెల తర్వాత రివ్యూకి వస్తారని ఫాలో-అప్ పెట్టుకుంటే మీ ఇష్టం, నేనైతే పెట్టుకోను.

వార్డులో కష్టం లేదా అంటే ఉంది. పొద్దున ఎనిమిదికల్లా పోవాలి, రౌండ్స్‌లో పీజీ డాక్టర్లు అడ్డొచ్చినామని కసురుకుంటారు, సిస్టర్లు మొదటి పది రోజులు కేస్ షీట్ ముట్టుకోనివ్వరు. ఒక పెద్దాయన అయితే వెయింగ్ మెషీన్ చూసి "ఏం పాపా, తూకమేసి అమ్మేదానికా?" అన్నాడు. వార్డంతా నవ్వింది, ఆ రోజు నుంచి ఆ వార్డులో మాకు అన్ని పనులూ అయినాయి. లేచి నిలబడలేని వాళ్ళకి బరువు రాయలేదు, వాళ్ళని మొదటే ఎక్స్‌క్లూజన్‌లో (స్టడీలోకి తీసుకోని వాళ్ళలో) పెట్టేసినాం, లోపం లోపమే, థీసిస్‌లో కూడా అట్లాగే రాసినాం.

వైవాలో మాకు వార్డులో ఉండటమే పనికొచ్చింది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మా థీసిస్ రెండు పేజీలు కూడా తిప్పలేదు, "క్రియాటినిన్ రోజూ మారిపోయే పేషెంట్‌కి ఈ ఫార్ములా ఎట్లా వాడినావు?" అన్నాడు. కరెక్ట్ ప్రశ్న, నిలకడగా లేని క్రియాటినిన్‌కి ఆ లెక్క పనికిరాదు. వార్డులో ఉన్నాం కాబట్టి రెండో రోజు, మూడో రోజు విలువలు కూడా రాసుకున్నాం, పెరుగుతా పోయే కేసుల్ని విడిగా తీసినాం, ఆ టేబుల్ చూపించినా. అడ్మిషన్ రోజు రిపోర్టు ఒక్కటే ఉన్న పాత ఫైళ్ళతో పోయుంటే అక్కడ నోట మాట వచ్చేది కాదు.

ఏడీఆర్ (మందు వల్ల వచ్చే చెడు రియాక్షన్) టాపిక్ పెట్టుకునే వాళ్ళకి ఇంకా గట్టిగా చెప్తా, పాత ఫైళ్ళ జోలికి పోవద్దు. రియాక్షన్ ఆ మందు వల్లే వచ్చిందా అని తేల్చే నరాంజో స్కేల్‌లో పది ప్రశ్నలు, "తెలీదు" అన్న ప్రతిదానికీ సున్నా. ఇంతకుముందు ఇదే మందుకి ఇట్లాగే అయిందా, మందు ఆపినాక తగ్గిందా, మళ్ళీ ఇస్తే వచ్చిందా, ఇవి పాత షీట్‌లో ఎవరు రాసి పెడతారు? సున్నాల మీద సున్నాలు పడి చాలావాటికి స్కోరు నాలుగు దాటదు, అంటే ఎక్కువ భాగం "పాసిబుల్" (కావచ్చు) కిందికే వచ్చేస్తాయి. తర్వాత రిజల్ట్స్‌లో "ఎక్కువ శాతం పాసిబుల్" అని గుండ్రటి పై చార్ట్ వేస్తారు. అది మందు గురించి చెప్తున్నట్టా, ఫైల్ గురించి చెప్తున్నట్టా? మంచం దగ్గరికి పోయి అడిగితే ఆ ప్రశ్నల్లో కనీసం రెండు మూడింటికి జవాబు దొరుకుతుంది. పైగా ఆ రియాక్షన్లని ఫార్మకోవిజిలెన్స్ (మందుల రియాక్షన్లు నమోదు చేసే) ఫామ్‌లో నింపి మీ దగ్గర్లోని సెంటర్‌కి పంపొచ్చు, అది నిజంగా ఉపయోగపడే పని.

అట్లని రెట్రోస్పెక్టివ్ అంటే పనికిమాలినది అని కాదు. మీరు వెతికేది చీటీ మీద రాసిందే అయితే, అంటే డాక్టర్ ఏం రాసినాడు అనేదే మీ ప్రశ్న అయితే, పాత ఫైల్‌ని మించింది లేదు. ప్రిస్క్రిప్షన్‌కి ఎన్ని మందులు, జెనెరిక్ పేరుతో ఎన్ని, యాంటీబయాటిక్ ఎంతమందికి, ఇంజెక్షన్ ఎంతమందికి, ఎసెన్షియల్ మందుల లిస్ట్‌లోవి ఎన్ని, డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళ ఈ ఐదు ఇండికేటర్లకి పేషెంట్‌ని అడిగేదేమీ లేదు. ఇంకో లాభం, మీరు చూస్తున్నారని తెలిస్తే పీజీలు కొంచెం జాగ్రత్తగా రాస్తారు, పాత ఫైల్‌కి ఆ సిగ్గు లేదు. అరుదైన కేసులకి కూడా ఇదే దారి, మూడున్నర నెలలు వార్డులో కాచుకోని కూర్చుంటే అట్లాంటివి నాలుగు రావచ్చు, రాకపోనూ వచ్చు. కానీ సినాప్సిస్ (ప్రాజెక్టు ప్లాన్) రాసేముందే ఒక ఇరవై ఫైళ్ళు పర్మిషన్ తీసుకోని తిరగేయండి. మీకు కావాల్సిన గడులన్నీ పదహారు పదిహేడిట్లో అయినా నిండి ఉంటేనే ముందుకి పోండి. మేం చేయని పని ఇదే.

శాంపిల్ సైజు (ఎంతమందిని తీసుకోవాలి అనేది) గురించి కూడా అడగతా ఉంటారు. అందరూ 384 అని రాస్తారు, ఎందుకని అడిగితే సీనియర్ థీసిస్‌లో ఉంది అంటారు. మనం వెతికేది సగంమందిలో ఉంటుందని అనుకోని, ఐదు శాతం అటూ ఇటూ తేడా ఒప్పుకుంటే వచ్చే అంకె అది. అదే లెక్కలో పది శాతం తేడా ఒప్పుకుంటే 96 చాలు, పాత స్టడీల్లో ఇరవై శాతం అని ఉంటే ఐదు శాతం తేడాతోనే 246. ప్రాస్పెక్టివ్ వాళ్ళు అంకె రాసేముందు ఒక వారం వార్డులో నిలబడి మీ క్రైటీరియాకి సరిపోయేవాళ్ళు రోజుకి ఎంతమంది వస్తారో లెక్కపెట్టండి. రోజుకి ఇద్దరొస్తే ఆదివారాలూ పండగలూ పోను మూడున్నర నెలల్లో నూట అరవై, నూట డెబ్బై. 384 అని రాసుకున్నారా, అయిపోయినారు, చివరి నెలలో ఫామ్‌లు రూములో కూర్చోని నింపే పరిస్థితి వస్తుంది, వద్దు.

ఇక సర్వే. గూగుల్ ఫామ్ పెట్టి వాట్సాప్ గ్రూపుల్లో తోయడం. అవుతుంది, డిగ్రీ వస్తుంది. మందులు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగే మోరిస్కీ ఎనిమిది ప్రశ్నల స్కేల్ వాడేవాళ్ళు మాత్రం దానికి లైసెన్స్ ఉంటుందని, డబ్బు కట్టమంటారని తెలుసుకోని వాడండి. ప్రాస్పెక్టివ్, రెట్రోస్పెక్టివ్ రెండూ కలిపి చేస్తాం అనేవాళ్ళు ఒకటి సరిగ్గా చేయండి చాలు.

ప్రాస్పెక్టివ్‌కి ఒప్పుకున్న వాళ్ళకి చివరిగా ఒకటి. నలుగురు నాలుగు వార్డులు పంచుకునే ముందు నలుగురూ అవే ఐదు కేసులు విడివిడిగా నింపి పక్కపక్కన పెట్టుకోండి, ఎవరు దేన్ని ఏమనుకుంటున్నారో అప్పుడు తెలుస్తుంది. మాలో ఒకమ్మాయి "డోసు మార్చినారు" అంటే మందు మార్చినా కూడా టిక్ పెడతా ఉండింది, మేం ముగ్గురం పెట్టలేదు.

వెయింగ్ మెషీన్ కొనాలా అని నిన్న ఒకరు అడిగినారు. కొనండి, నలుగురు వేసుకుంటే ఎంతవుతుంది. వార్డులో ఉండేదాన్ని నమ్మొద్దు. మేం పన్నెండు రోజులు నమ్మి, అనుమానం వచ్చి హాస్టల్ మెస్‌లో విప్పని పాతిక కేజీల బియ్యం మూట ఆటోలో తెచ్చి ఎక్కించినాం, ఇరవై ఏడున్నర చూపించింది. యాభై కేజీల మనిషికీ అదే రెండున్నర ఎక్కువ చూపించినా క్లియరెన్స్‌లో ఐదు శాతం తేడా. అప్పటికి తూకమేసిన వాళ్ళలో ఇంకా వార్డులో ఉన్నోళ్ళని కొత్త మెషీన్ మీద మళ్ళీ ఎక్కించినాం. పెద్దాయన కూడా ఎక్కినాడు, "నిన్నటికీ ఇవాళకీ తరుగు తీసేసినారే" అని.